పరుగు ఉంది, ఈత సాగట్లేదు: 750 మీటర్లకు నాలుగు నెలల టైముంది, దారి చెప్పండి

బురుజు రన్నర్ (కర్నూలు), ఏప్రిల్ 4, రాత్రి 9:40

అందరికీ నమస్తే. నాకు 38 ఏళ్లు. నాలుగేళ్లుగా పరిగెత్తుతున్నా, 10 కిలోమీటర్లు 54 నిమిషాల్లో అయిపోతుంది. ఆదివారాలు సైకిలు మీద ఓర్వకల్లు దాకా పోయొస్తా. ఆగస్టులో మొదటిసారి స్ప్రింట్ ట్రయాథ్లాన్ చేద్దామని పేరిచ్చేశా. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. చివరి రెండిటికీ దిగులు లేదు.

ఈత దగ్గరే ఆగిపోయా. చిన్నప్పుడు అమ్మమ్మ వాళ్లూర్లో బెండ్లు కట్టుకుని బావిలో నేర్చుకున్నా కాబట్టి నీళ్లంటే భయం లేదు. కానీ పూల్లో 25 మీటర్లు దాటేసరికి ఊపిరాడదు. 50కి గట్టు పట్టుకుని రెండు నిమిషాలు నిలబడాలి. పక్క లైనులో అరవై దాటిన పెద్దాయన ఒకరు గంటసేపు ఆగకుండా పోతూ వస్తూ ఉంటారు, చెమట కూడా పట్టినట్టుండదు. పది కిలోమీటర్లు పరిగెత్తేవాడికి 50 మీటర్లకే ఇంత ఆయాసం ఎందుకు? నెల రోజులుగా రోజూ ఇంకా గట్టిగా చేతులేస్తున్నా, ఒక్క మీటరు పెరగలేదు. ఈ వేదికలో ఇదే దారిన వచ్చినవాళ్లు ఉంటే చెప్పండి.

కాలువ గట్టు (కర్నూలు), ఏప్రిల్ 4, రాత్రి 10:05

అన్నా, పూల్లో ప్రతి 25 మీటర్లకూ గోడ తగులుతుంది కాబట్టి ఆగడం అలవాటైపోతుంది. కేసీ కాలువలో నీళ్లు వదిలినప్పుడు మేం కాలేజీ వాళ్లం పోతుంటాం. నీళ్లే ముందుకు తోస్తాయి, అరకిలోమీటరు తెలియకుండానే అయిపోతుంది. ధైర్యం వస్తుంది. ఒకసారి రండి.

బావి ఈతగాడు (నంద్యాల దగ్గర), ఏప్రిల్ 5, ఉదయం 6:20

తమ్ముడూ, ఆ మాట ఇక్కడ రాయొద్దు. చదివి ఎవరైనా పోతే ఆ పాపం మనకే చుట్టుకుంటాది.

నేను బావిలో పుట్టి పెరిగినట్టే లెక్క. మోట బావిలో పై దరి నుంచి దూకేవాణ్ణి. అట్లాంటోణ్ణి, ఆరేళ్ల కిందట మా ఊరి పక్క కాలువలో దిగినా. నడుం లోతే కదా అనుకున్నా. దిగంగానే కాళ్లు లేచిపోయినాయి. రెండు పక్కలా సిమెంటు పలకలు, వాటి మీద పాచి. పట్టుకుందామని చేయి పెడితే జారిపోతాది. గోళ్లు అరిగిపోయినాయి గాని పట్టు దొరకలే. రెండు ఫర్లాంగులు కొట్టుకొనిపోయినాక బట్టలుతికే మెట్లు వచ్చినాయి, అక్కడున్న ఒక ఆడమనిషి చీర కొంగు విసిరింది. అందుకే ఈ పొద్దు ఇది రాస్తాండా. ఆమె లేకుంటే నేను లేను.

ప్రవాహంలో 500 మీటర్లు పోయినామంటే ఈదింది మనం కాదు, నీళ్లు. అది ఈత నేర్పదు.

హంద్రీ ఒడ్డు (కర్నూలు, నిర్వాహకుడు), ఏప్రిల్ 5, ఉదయం 7:15

ముందు ఒక మాట. కాలువలో, తుంగభద్రలో, సుంకేసుల బ్యారేజీ దగ్గర ఈత సాధన గురించి ఈ వేదికలో ఎవరూ సలహా ఇవ్వకండి. షట్టర్లు ఎప్పుడు ఎత్తుతారో మనకు తెలియదు, అడుగున ఇసుక తోడిన గుంటలుంటాయి, తుంగభద్రలో మొసళ్లూ ఉన్నాయి. కాలువ గట్టు తమ్ముడు మంచి మనసుతోనే పిలిచాడు, ఆయన మీద కోపం లేదు. నియమం మాత్రం నియమమే.

ఇక బురుజు రన్నర్ తమ్ముడి ఆయాసం. మీకు గుండె బలం కావాల్సినంత ఉంది. లోపం ఊపిరి వదలడంలో ఉంది. పరిగెత్తేటప్పుడు ఊపిరి దానంతటదే పోతుంది, వస్తుంది. నీళ్లలో ముఖం పెట్టగానే చాలామంది తెలియకుండానే ఊపిరి బిగబడతారు. తల పక్కకు తిప్పిన ఆ అర సెకనులో పాతగాలి వదలాలి, కొత్తగాలి పీల్చాలి. రెండూ కుదరవు. లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది. ఊపిరాడట్లేదనే ఆ గాభరా ఎక్కువగా దానివల్ల వచ్చేదే, ఆక్సిజన్ అయిపోయి కాదు. అందుకే గట్టిగా కొట్టేకొద్దీ ఇంకా తొందరగా ఆయాసం వస్తోంది.

ఇది పూల్లో కాదు, ఇంట్లో నేర్చుకోండి. ఒక గంగాళం నిండా నీళ్లు పోసి స్టూలు మీద పెట్టండి. గాగుల్స్ పెట్టుకుని ముఖం కనుబొమల దాకా ముంచండి. ముక్కుతో సన్నగా, ఆగకుండా బుడగలు వదలండి. పాలు పొంగేముందు గిన్నె అంచున చిన్న చిన్న బుడగలు లేస్తాయి చూడండి, అట్లా ఉండాలి. గుడగుడమని ఒక్కసారిగా వచ్చాయంటే బిగబట్టి వదిలారన్నమాట. మూడు అంకెలు లెక్కపెట్టేదాకా వదిలి, తల ఎత్తకుండా పక్కకు తిప్పి నోటితో పీల్చండి. ఒక చెంప, ఒక చెవి నీళ్లలోనే ఉండాలి. రోజుకు పది నిమిషాలు, వారం రోజులు. ఆ వారం పూల్లో దూరం లెక్క పెట్టొద్దు.

బురుజు రన్నర్, ఏప్రిల్ 5, మధ్యాహ్నం 1:30

సార్, భోజనం టైములోనే ఒకసారి గమనించుకున్నా. మీరు చెప్పింది నిజం, ముఖం ముంచగానే గొంతు దగ్గర బిగుసుకుపోతోంది. ఇన్నాళ్లూ ఇది తెలియనే లేదు. రాత్రికి గంగాళం తీస్తా.

బావి ఈతగాడు, ఏప్రిల్ 5, రాత్రి 8:50

సారు ఊపిరి గురించి చెప్పినారు, నేను తల గురించి చెప్తా. ఎందుకంటే బావిలో నేర్చుకున్నోళ్లందరికీ ఒకటే జబ్బు ఉంటాది, నాకూ ఉండె.

బావిలో మనం తల పైకెత్తి ఈదుతాం. పైనుంచి ఎవడు దూకుతాడో చూసుకోవల్ల, గోడ చూసుకోవల్ల. పది బారలేస్తే ఇవతలి దరి నుంచి అవతలి దరి. అంత దూరానికి అది సరిపోతాది. పూల్లో అదే పని చేస్తే తల పైకి లేచినకొద్దీ నడుము, కాళ్లు కిందికి దిగుతాయి. త్రాసు లెక్క. అప్పుడు మనిషి నీళ్లను కోసుకుంటా పోడు, నీళ్లను నెట్టుకుంటా పోతాడు. నీళ్లు గాలి కంటే దాదాపు 800 రెట్లు చిక్కన. ఎదురుగాలికి సైకిలు తొక్కడమే కష్టం కదా, ఇంక నీళ్లను ఎదురు నెట్టడం ఎట్లుంటాదో చూసుకోండి.

నేను చేసింది ఇది: గోడను కాలితో తన్ని, చేతులు ముందుకు చాచి, చూపు నేరుగా అడుగున ఉన్న నల్లగీత మీద పెట్టి, కాలు చేయి ఆడించకుండా జారడం. ఎంత దూరం పోతామో చూడడం. మొదట్లో నాలుగు మీటర్లకే కాళ్లు మునిగేవి. రొమ్మును నీళ్లలోకి కొంచెం ఒత్తితే నడుము దానంతటదే పైకి తేల్తాది. అది తెలిసిన రోజు నేను పూల్లో ఒక్కణ్ణే ఉన్నా, గట్టెక్కి ఎవరికన్నా చెప్దామంటే మనిషి లేడు.

అనంత పరుగు (అనంతపురం), ఏప్రిల్ 6, ఉదయం 5:10

నేనొక మాట కలుపుతా. పరిగెత్తేవాళ్ల చీలమండలు గట్టిగా ఉంటాయి. పాదం వెనక్కి సాగదు, నీళ్లలో కొక్కెంలా వంగి ఉంటుంది. కిక్ కొట్టేకొద్దీ బ్రేకు వేసినట్టే. నేను కిక్ బోర్డు పట్టుకుని కాళ్లాడిస్తే ఉన్నచోటే ఉండేదాన్ని, ఒకరోజు వెనక్కి కూడా పోయా. దానికి మందు మనింట్లోనే ఉంది, వజ్రాసనం. భోజనమయ్యాక ఐదు నిమిషాలు. మొదట్లో మడమల మీద కూర్చోలేకపోతే పిరుదుల కింద దిండు పెట్టుకోండి. నాకు రెండు నెలలు పట్టింది. మోకాలి నొప్పి ఉన్నవాళ్లు మాత్రం చేయొద్దు.

కిక్ మోకాలి నుంచి కాకుండా తుంటి నుంచి రావాలి. ఇంకోటి, ట్రయాథ్లాన్‌లో కాళ్లు దాచుకోవాలి. ఈత తర్వాత సైకిలు, పరుగు రెండూ కాళ్లతోనే కదా. కిక్ తేలడానికి సరిపడా చాలు.

మా ఊళ్లో ఆడవాళ్లకు పూల్ టైము దొరకడమే పెద్ద పని. నేను మొదట వెళ్లిన చోట లేడీస్ బ్యాచ్ మధ్యాహ్నం పెట్టారు, బడి వదిలి ఎవరు పోగలం? నలుగురు టీచర్లం కలిసి ఇంకోచోట అడిగి ఉదయం ఆరుకు తెప్పించుకున్నాం. ఒక్కరే అడిగితే పని జరగదు, నలుగురు పోండి. నిండుగా ఉండే స్విమ్ సూట్లు, మోచేతుల దాకా, మోకాళ్ల దాకా, ఇప్పుడు దొరుకుతున్నాయి. చుడీదార్‌తో మాత్రం దిగొద్దు, బట్ట నీళ్లు తాగి బరువెక్కుతుంది.

పాలకొండ పాదం (కడప), ఏప్రిల్ 6, రాత్రి 9:15

పరుగు మాట ఎవరూ ఎత్తట్లేదు కాబట్టి నా బాధ చెప్పుకుంటా. నాది తిరగబడ్డ కథ. ఈత బాగానే వస్తుంది, పరుగే కొత్త. దేవుని కడప చెరువు కట్ట మీద మొదలుపెట్టి, ఆరు వారాల్లో వారానికి 8 కిలోమీటర్ల నుంచి 35కి పోయా. ఇప్పుడు పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుంటుంది. పది నిమిషాలు తిరిగితే తగ్గుతుంది, మళ్లీ రాత్రికి వస్తుంది. కొందరు చెప్పులు లేకుండా పరిగెత్తమంటున్నారు. నిజమేనా?

హంద్రీ ఒడ్డు, ఏప్రిల్ 7, ఉదయం 6:40

వద్దు. మడమ నొప్పి ఉండగా సిమెంటు రోడ్డు మీద ఒట్టికాళ్లతో పరిగెత్తితే ఇంకా చెడుతుంది. మొదటి అడుగుకు పొడిచి, తిరిగితే తగ్గే నొప్పి సాధారణంగా అరికాలి పట్టీది, అంటే మడమ నుంచి వేళ్ల దాకా ఉండే గట్టి కణజాలానిది. పిక్క బిగుసుకుంటే ఆ పట్టీ లాగుతుంది. ఆరు వారాల్లో నాలుగింతలు పెంచారు, గుండె ఆ వేగాన్ని అందుకుంటుంది గానీ ఎముకలు, పట్టీలు నెలలు తీసుకుంటాయి. ఊపిరి బాగుంది కదా అని దూరం పెంచడం దగ్గరే కొత్తవాళ్లు దెబ్బ తింటారు.

రెండు వారాలు పరుగు ఆపి ఈత, సైకిలు చేయండి. మెట్టు అంచున ముందు పాదాలు పెట్టి, మడమలు మెల్లగా కిందికి దించి పైకి లేపండి, పూటకు పదిహేను, రెండు పూటలా. నీళ్ల సీసా ఫ్రిజ్జులో గడ్డకట్టించి అరికాలి కింద దొర్లించండి. మంచం దిగేముందే కాలి వేళ్లను చేత్తో మీ వైపుకు లాగి అర నిమిషం పట్టుకోండి. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోండి, గ్రానైట్ గచ్చు మీద ఒట్టికాళ్లతో తిరగొద్దు. మూడు వారాలకూ తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించాల్సిందే. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక. కట్ట మీది మట్టిదారి మంచిదే, అది వదలొద్దు.

అనంత పరుగు, ఏప్రిల్ 7, రాత్రి 8:30

వేగం గురించి కూడా చెప్పండి సార్. మా గుంపులో అందరూ ప్రతిరోజూ పోటీకి పరిగెత్తినట్టు పరిగెత్తుతారు. నేను కిలోమీటరుకు 7:30లో పోతుంటే జాలిగా చూస్తారు.

హంద్రీ ఒడ్డు, ఏప్రిల్ 8, ఉదయం 6:10

మీరే సరిగ్గా చేస్తున్నారమ్మా. వారంలో చేసే పరుగులో ఐదింట నాలుగు వంతులు, పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంలోనే ఉండాలి. మిగిలిన ఒక్క వంతే గట్టిగా. బురుజు రన్నర్ 10 కిలోమీటర్లు 5:24 వేగంతో పరిగెత్తుతారు కదా, ఆయన మామూలు రోజుల్లో 6:30 నుంచి 7 మధ్య పోవాలి. ఈ ఎండల్లో ఇంకా మెల్లగా. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. తెల్లవారుజామున ఐదింటికి కూడా రోడ్డు రాత్రి వేడిని కక్కుతూనే ఉంటుంది. అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది, ఎందుకంటే రక్తంలో కొంత భాగం చర్మాన్ని చల్లబరచడానికి పోతుంది. వాచీలో వేగం చూసి బాధపడొద్దు. ఒంటికి ఎండ అలవాటు కావడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది, ఆ రోజుల్లో దూరం సగం చేసుకోండి.

ఎంత నీళ్లు తాగాలో ఒకరిని అడగక్కర్లేదు. పరుగుకు ముందు, తర్వాత తువ్వాలుతో తుడుచుకుని బరువు చూసుకోండి. ఒక కిలో తగ్గితే ఒక లీటరు చెమట పోయినట్టు. నాది గంటకు లీటరుపైనే పోతుంది. దానికి ఉత్త నీళ్లు కడుపునిండా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది, అదీ ప్రమాదమే. గంట దాటిన సాధనకు ఓఆర్ఎస్ పొట్లం, లేదంటే లీటరు నీళ్లకు ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. ఇంటికొచ్చాక ఉప్పేసిన మజ్జిగ. తల తిరగడం, చలిపుట్టడం, మాట తడబడడం, వీటిలో ఏది వచ్చినా అక్కడే ఆగి నీడకు పోయి ఒంటి మీద నీళ్లు పోసుకోవాలి. తడబాటు తగ్గకపోతే నేరుగా ఆసుపత్రికే. ఇందులో మొండితనం వద్దు, నా కళ్లముందు ఒక కుర్రాడు స్టేడియంలో పడిపోయాడు.

కాలువ గట్టు, ఏప్రిల్ 8, రాత్రి 11:00

సార్, బావి ఈతగాడన్నా, మొన్న రాసింది తప్పే. మా వాళ్లకు కూడా ఇది చూపించా. పూల్లోనే చేరుతున్నా. నా సందేహం ఒకటి. ఊపిరి రెండు చేతులకోసారి తీసుకోవాలా, మూడుకోసారా?

బావి ఈతగాడు, ఏప్రిల్ 9, ఉదయం 6:00

చూపించినావు కదా, సంతోషం తమ్ముడూ.

నేనైతే రెండుకోసారే. గాలి ఎక్కువ దొరుకుతాది. మూడుకోసారి అంటే చూడ్డానికి అందంగా ఉంటాది గాని పోటీలో దమ్ము చాలదు.

అనంత పరుగు, ఏప్రిల్ 9, ఉదయం 6:45

నేను ఒప్పుకోను అన్నా. సాధనలో మూడుకోసారి నేర్చుకోవాలి, అప్పుడు రెండు పక్కలా మార్చి మార్చి తిరుగుతాం. ఒక పక్కే తిరిగితే ఆ పక్క భుజం మీదే భారం పడుతుంది, దారి కూడా వంకర పోతుంది. నాకు కుడి భుజం నొప్పి అట్లాగే వచ్చింది. పోటీ రోజు ఎడమ పక్క నుంచి అల కొడితేనో, ఎండ కళ్లల్లో పడితేనో రెండో పక్క తిరగడం వచ్చి ఉండాలి కదా. పోటీలో మాత్రం రెండుకోసారి తీసుకోండి, ఎవరూ వద్దనరు.

బావి ఈతగాడు, ఏప్రిల్ 9, రాత్రి 7:20

అక్కా, భుజం సంగతి నిజమే. నాకూ కుడిపక్కే పట్టేస్తాది. ఈ వారం ఎడమ పక్క తిరిగి చూస్తా.

బురుజు రన్నర్, ఏప్రిల్ 19, ఉదయం 8:05

రెండు వారాలైంది, చెప్పిపోదామని వచ్చా. గంగాళం వారం, గోడ తన్ని జారడం వారం. ఈ రోజు పూల్లో మెల్లగా మొదలుపెట్టా. 25 దాటింది. 50 దాటింది. గోడ తగిలినా ఆగలేదు. 100 దగ్గర ఆయాసం వస్తుందేమోనని ఎదురుచూశా, రాలేదు. 200 దాకా పోయి ఆగా, ఆగింది కూడా భుజాలు లాగాయని, ఊపిరాడక కాదు. గట్టు మీద కూర్చుంటే పక్క లైను పెద్దాయన గాగుల్స్ పైకి ఎత్తి, “ఇప్పుడు చప్పుడు తగ్గింది నాయనా” అన్నారు. ఇన్నాళ్లూ నేను నీళ్లను కొట్టే చప్పుడు ఆయన వింటూనే ఉన్నారన్నమాట. ఆ మాట ఇంకా చెవుల్లోనే ఉంది.

ఇక్కణ్ణుంచి 750కి ఎట్లా పోవాలి?

హంద్రీ ఒడ్డు, ఏప్రిల్ 19, రాత్రి 9:00

చాలా సంతోషం తమ్ముడూ. పెద్దాయన చెప్పిందే అసలు కొలత, చప్పుడు తగ్గడం.

వారానికి మూడు రోజులు ఈత, మూడు రోజులు పరుగు, ఆదివారం సైకిలు. ఒక్క రోజు ఉదయం, సాయంత్రం రెండు పెట్టుకుంటే ఒక రోజు పూర్తి విశ్రాంతి దొరుకుతుంది, అది తీసుకోండి. ఈతలో ఒక రోజు పూర్తిగా మెళకువలకే. ఒక రోజు 100 చొప్పున ఎనిమిది సార్లు, మధ్య ఇరవై సెకన్లు విశ్రాంతి. ఒక రోజు ఆగకుండా పొడుగు ఈత, వారానికి 50 మీటర్ల చొప్పున పెంచుతూ. జూలై మొదటి వారానికి 750 వచ్చేస్తుంది.

నెల తర్వాత మీ వేగం కొలుచుకోండి. బాగా వేడెక్కాక 400 మీటర్లు మీరు పోగలిగినంత వేగంగా పోయి టైము రాసుకోండి, పది నిమిషాలు ఆగి 200 అలాగే. ఉదాహరణకు 400కు 10 నిమిషాల 40 సెకన్లు, 200కు 5 నిమిషాలు పట్టాయనుకోండి. తేడా 5 నిమిషాల 40 సెకన్లు, అది 200 మీటర్లకు. అంటే 100కు 2:50. 100 మీటర్లు ఎనిమిది సార్లూ ఆ వేగంతోనే చేయాలి, మొదటిది 2:30లో కొట్టి ఎనిమిదోది 3:20కి దిగజారితే సాధన వృథా. అదే వేగంతో 750 మీటర్లకు 21 నిమిషాల పైచిలుకు పడుతుంది. ఎప్పుడైనా గోవాలో జరిగే 70.3కి (హాఫ్ ఐరన్‌మ్యాన్ అనే పొడుగు ట్రయాథ్లాన్) పోవాలనిపిస్తే, అక్కడ 1.9 కిలోమీటర్ల ఈతకు గడువు 70 నిమిషాలు. అంటే 100కు 3:40 చాలు. చూశారా, వేగం కంటే ఆగకపోవడమే కావాలి.

ఇక పోటీలో నల్లగీత ఉండదు. ప్రతి ఎనిమిది పది చేతులకోసారి కళ్లు మాత్రం నీటిపైకి తెచ్చి ముందు దారి గుర్తుగా తేలే బెలూన్ ఎక్కడుందో చూసి, మళ్లీ పక్కకు తిరిగి గాలి పీల్చాలి. మొసలి చూసినట్టు చూడాలి, తలంతా ఎత్తొద్దు. ఇక్కడ బావి అలవాటు మళ్లీ తలెత్తుతుంది, జాగ్రత్త. మొదట్లో గుంపుకు వెనుక, ఒక పక్కగా నిలబడండి. గాభరా వస్తే వెల్లకిలా తిరిగి తేలండి, లేదా చేయెత్తండి. పడవనో బెలూన్‌నో పట్టుకుని విశ్రాంతి తీసుకోవచ్చు, దాని సాయంతో ముందుకు కదలకపోతే చాలు, పోటీ నుంచి తీసేయరు. ఫ్రీస్టైలే కొట్టాలని కూడా లేదు, ఏ ఈతైనా చెల్లుతుంది. ఇది తెలిసి ఉంటేనే సగం గాభరా పోతుంది.

చివరి 50 మీటర్లు కిక్ కొంచెం పెంచండి, రక్తం కాళ్లలోకి వస్తుంది. అడ్డంగా ఉన్న మనిషి ఒక్కసారిగా లేచి పరిగెత్తితే కళ్లు తిరుగుతాయి.

పాలకొండ పాదం, ఏప్రిల్ 20, ఉదయం 6:30

మడమ సగం నెమ్మదించింది సార్. మెట్టు మీది వ్యాయామం ఒక్క పూటా తప్పలేదు. సైకిలు దిగి పరిగెత్తే సాధన ఎప్పుడు మొదలుపెట్టొచ్చు?

హంద్రీ ఒడ్డు, ఏప్రిల్ 20, ఉదయం 7:00

మీరు ఇంకో మూడు వారాలు ఆగండి. పొద్దున్నే మొదటి అడుగుకు నొప్పి లేని రోజులు వరసగా ఏడు వచ్చాక. బురుజు రన్నర్ మాత్రం ఈ ఆదివారమే మొదలుపెట్టొచ్చు. గంట సైకిలు, దిగగానే పది నిమిషాల పరుగు. మొదటి కిలోమీటరు కాళ్లు మనవి కానట్టుంటాయి. అడుగులు చిన్నవి చేసి, వడివడిగా వేయండి, నిమిషానికి 170 దాటేలా. రెండో కిలోమీటరుకు కాళ్లు దారికొస్తాయి.

కర్నూలు వాళ్లం ఆదివారం ఉదయం 5:15కి స్టేడియం గేటు దగ్గర కలుద్దాం. జగన్నాథగట్టు కొండ ఎక్కం, ఎండలు తగ్గాక చూద్దాం. టైర్లలో గాలి రాత్రే చూసుకోండి. వచ్చేముందు ఉగ్గాని బజ్జీలు వద్దు, ఒక అరటిపండు చాలు. ఉగ్గాని తిరిగొచ్చాక అందరం కలిసే తిందాం.

కాలువ గట్టు, ఏప్రిల్ 20, ఉదయం 7:20

నేనూ, నాతో పాటు ఇద్దరూ వస్తున్నాం సార్. ఒకడికి సైకిలు లేదు, ఎవరి దగ్గరైనా అదనంగా ఉందా?

బురుజు రన్నర్, ఏప్రిల్ 20, ఉదయం 7:25

నా పాత హీరో సైకిలుంది. సీటు ఎత్తు సరిచేసి తెస్తా, అతని పొడవెంతో చెప్పు తమ్ముడూ.